మధుమేహం ఉన్న ఇంట్లో మామిడి కాలం

ఏప్రిల్ నెల సగం దాటితే విజయవాడ శివార్లలోని నున్న మార్కెట్టు ముందు మామిడి లోడ్లు బారులు తీరతాయి. నూజివీడు, ఆగిరిపల్లి, మైలవరం, రెడ్డిగూడెం తోటల నుంచి వచ్చిన కాయలో అధిక భాగం ఉత్తరాది లారీలెక్కిపోతుంది. మిగిలినది మన వీధుల్లోకి తోపుడు బండ్ల మీద వస్తుంది. వించిపేటలోనైనా, పంజా సెంటర్‌లోనైనా, భవానీపురంలోనైనా అసర్ నమాజు తర్వాత ఆ బండ్ల చుట్టూ గుమిగూడని రోజుండదు. డజను బేరమాడి, సంచి నింపుకుని ఇంటికి చేరుతాం. గడప దాటగానే వాసన ఇల్లంతా వ్యాపిస్తుంది. సరిగ్గా ఆ క్షణంలో ఇంట్లో ఎవరో ఒకరు ముఖం పక్కకు తిప్పుకుంటారు. తమకు ఆ పండు నిషిద్ధమని వారికి తెలుసు.

మా ఇంట్లో అలా ముఖం తిప్పుకున్నది మా ఖాలా. ఆమె వయసు అరవై ఎనిమిది. మధుమేహంతో పద్నాలుగేళ్ల సహవాసం. మూడేళ్ల క్రితం వేసవిలో ఆమె చక్కెర అదుపు తప్పింది. అప్పుడు చూపించుకున్న వైద్యుడు చీటీ మీద మిఠాయిలు, పండ్లు అన్న రెండు మాటలు వ్రాసి వాటిపై అడ్డగీత గీశారు. మేము ఆ చీటీని శాసనంలా పాటించాము. మామిడిపండ్ల బుట్టను ఆమెకు అందని అటక మీద పెట్టాము. ఆమె ముందు కోయడం కూడా మానేశామని చెప్పుకుంటే గొప్పగానే ఉంటుంది గానీ, అది నిజం కాదు. ఆమె ముందే కోసుకున్నాము, ఆమె ముందే తిన్నాము.

జూన్ మొదటి వారంలో ఇల్లు కడుగుతూ బియ్యం డ్రమ్ము జరిపితే, దాని వెనుక పాత కాగితంలో చుట్టిన నాలుగు టెంకలు దొరికాయి. చిన్న రసాల టెంకలు. బాగా చీకినవి, అప్పటికే ఎండినవి. విచారిస్తే తెలిసింది, వారం రోజులుగా ఏడేళ్ల మనవడు అటక ఎక్కి పండు దించి దాదీకి ఇస్తున్నాడట. మధ్యాహ్నం అందరూ నిద్రపోయాక ఆమె వంటగది మూలన నిలబడి తింటున్నారట. నిలదీసినందుకు ఆమె కోపగించుకోలేదు. "ఈ వయసులో ఒక పండు కోసం మిమ్మల్ని అడుక్కోవాలా బేటా?" అన్నారు, అంతే. పిల్లవాడు ఏడ్చాడు. వాడికి అబద్ధమాడడం ఎవరు నేర్పారన్న ప్రశ్నకు ఆ పూట మేమెవ్వరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాము.

ఆ రాత్రే కూరగాయలు తూచుకునే చిన్న త్రాసు ముందు పెట్టుకుని కూర్చున్నాము. ఆ లెక్కలో తేలిన సంగతిని ఈ నెల పాఠకులతో పంచుకోవాలని ఈ వ్యాసం.

రక్తంలో చక్కెరను పెంచేది ప్రధానంగా పిండి పదార్థం. అది తీపిగా ఉన్నా, చప్పగా ఉన్నా కడుపులోకి వెళ్లాక చాలావరకు గ్లూకోజుగానే మారుతుంది. వండిన తెల్ల అన్నంలో ప్రతి 100 గ్రాములకు దాదాపు 28 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది. పండిన మామిడి గుజ్జులో ప్రతి 100 గ్రాములకు దాదాపు 15 గ్రాములు. ఖాలా మధ్యాహ్నం పళ్లెంలో పెట్టుకునే అన్నాన్ని తూచాము. కూర కలుపుకునే ముద్ద, పప్పు ముద్ద, చివర పెరుగు ముద్ద అన్నీ కలిపి 320 గ్రాములైంది. అంటే ఒక్క పూటకు 90 గ్రాముల పిండి పదార్థం. రాత్రి మళ్లీ అంతే. ఇక ఒక చిన్న రసంలో తొక్క, టెంక పోగా దక్కే గుజ్జు 120 గ్రాములనుకుంటే, అందులో ఉన్నది 18 గ్రాములు. నాలుగు పండ్లకు 72. వారమంతా ఆమె దొంగచాటుగా తిన్న మామిడి మొత్తం, మేమే కొసరి కొసరి వడ్డించిన ఒక పూట అన్నానికి సరితూగలేదు!

టెంకలు బియ్యం డ్రమ్ము వెనుక దొరికాయి గానీ, మా కళ్లు మాత్రం ఆ డ్రమ్ము మీద పడలేదు.

ఇందులో మనల్ని మనం మరీ నిందించుకోవలసిన పనీ లేదు. కృష్ణా డెల్టాలో పుట్టినవారికి అన్నమంటేనే భోజనం. "భోజనమైందా" అని అడగడానికి "అన్నం తిన్నారా" అంటాం. 1855 నాటికి బెజవాడ వద్ద కృష్ణకు అడ్డంగా ఆనకట్ట పూర్తయి కాలువలు పారడం మొదలయ్యాక ఈ నేల వరికి అంకితమైంది. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చి ఆ సాగును స్థిరపరిచింది. కరువులు చూసిన తరాలకు తెల్లని అన్నం కడుపు నిండా దొరకడం ఒక వరం. పొలంలో నడుం వంచి పనిచేసిన తాతకు ఆ 320 గ్రాములు ఎక్కువ కాదు. కుర్చీలో కూర్చుని, సాయంత్రం టీవీ ముందు తస్బీహ్ తిప్పే మనవళ్ల తరానికి, నానమ్మల వయసుకు అది ఎక్కువే.

ఇది మా ఇంటి త్రాసు చెప్పిన మాట మాత్రమే కాదు. 2020లో వెలువడిన ప్యూర్ అధ్యయనం 21 దేశాల్లో లక్షా ముప్పై వేల మందికి పైగా ప్రజల ఆహారాన్ని పరిశీలించింది. రోజుకు 450 గ్రాములు, అంతకు మించి వండిన తెల్ల అన్నం తినేవారికి, 150 గ్రాముల లోపు తినేవారితో పోలిస్తే మధుమేహం ముప్పు ఎక్కువగా కనిపించింది. ఆ తేడా అన్ని ప్రాంతాల కంటే దక్షిణాసియాలోనే ఎక్కువ. మన దేశంలో మధుమేహంతో ఉన్నవారి సంఖ్యను 10 కోట్ల 10 లక్షలుగా, ఆ అంచున నిలబడిన వారిని 13 కోట్ల 60 లక్షలుగా 2023లో ప్రచురితమైన ఐసీఎంఆర్–ఇండియాబ్ సర్వే అంచనా వేసింది. ఇన్ని ఇళ్లలో పండ్ల బుట్ట అటకెక్కుతోంది, బియ్యం బస్తా మాత్రం దిగుతూనే ఉంది.

అలాగని పండును నిర్దోషిగా విడుదల చేయడానికి మేము కూర్చోలేదు. ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో రెండు రకాల వాదనలు కనిపిస్తాయి. పండు ముట్టుకుంటే చక్కెర ఆకాశానికి వెళుతుందన్నది ఒకటి. పండు అల్లాహ్ సృష్టించిన సహజమైన తీపి గనుక ఎంత తిన్నా ఏమీ కాదన్నది రెండవది. రెండవ వాదన చేసేవారు పూటకు రెండు బంగినపల్లి పండ్లు లాగించి, పరీక్ష ఫలితం చూసి ఆశ్చర్యపోతుంటారు. తేనె కూడా సహజమే, చెరుకు కూడా సహజమే. సహజమైనంత మాత్రాన దానిలోని చక్కెర రక్తంలోకి చేరకుండా ఆగదు.

మధుమేహం ఉన్నవారి ఆహారాన్ని లెక్క కట్టేటప్పుడు 15 గ్రాముల పిండి పదార్థాన్ని ఒక వాటాగా తీసుకోవడం పోషకాహార నిపుణుల ఆనవాయితీ. ఆ కొలత ఇంటి ఇల్లాలికి ఎంతో ఉపయోగపడుతుంది. మామిడి ముక్కలు 100 గ్రాములైతే ఒక వాటా. మధ్యరకం బంగినపల్లి 350 గ్రాములు తూగితే తొక్క, టెంక తీసేశాక సుమారు 250 గ్రాముల గుజ్జు మిగులుతుంది. అది రెండున్నర వాటాలు. కాబట్టి ఒక పూటకు పండంతా కాదు, మహా అయితే ఒక చెంప. చెంప అంటే టెంకకు ఒక పక్కన కోసిన పెద్ద ముక్క అని మా ఉద్దేశం. ఆ ముక్కను కత్తితో గళ్లు గళ్లుగా గీసి చెంచాతో తింటే పది నిమిషాలు పడుతుంది, తృప్తి కూడా కలుగుతుంది.

బంగినపల్లి పేరెత్తాక ఒక్క మాట చెప్పకుండా ఉండలేము. 1948 వరకు నవాబులు పాలించిన బనగానపల్లె సంస్థానం పేరే ఈ పండుకు వచ్చింది. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అయితే కృష్ణా జిల్లా పెద్దవారిని అడిగితే బంగినపల్లిని పొగిడి, ఆ తర్వాత గొంతు తగ్గించి "రసాల ముందు ఏదైనా దిగదుడుపే" అంటారు. ఆ మాటలో మాకు పక్షపాతం ఉన్నట్టే లెక్క. చిన్న రసం, పెద్ద రసం, చెరుకు రసం! చిక్కంతా అవి తినే పద్ధతిలోనే ఉంది. రసాన్ని అరచేతుల మధ్య నలిపి, తొడిమ దగ్గర చిన్న రంధ్రం చేసి పీల్చేస్తాం. నిమిషంలో పండు ఖాళీ అవుతుంది, చేయి రెండవ దాని మీదకు వెళుతుంది. బంగినపల్లికి కత్తి, పళ్లెం, చెంచా కావాలి. రసానికి ఏదీ అక్కర్లేదు, అందుకే లెక్క తప్పుతుంది. మధుమేహం ఉన్నవారు రసాలను మానుకోవాలని మేము అనము. చిన్న రసం ఒకటి చేతికిచ్చి బుట్టను లోపల పెట్టేస్తే చాలు. బుట్ట పక్కన కూర్చుని రసాలు తిని లెక్కలో నిలిచినవారిని మేమింతవరకు చూడలేదు.

మిగతా పండ్లలో మధుమేహం ఉన్న ఇంటికి అత్యంత ఆప్తురాలు జామ. మధ్యరకం జామకాయ ఒకటి 100 గ్రాములుంటే పిండి పదార్థం 14 గ్రాములు, అందులో 5 గ్రాముల దాకా పీచే. గింజతో సహా నమిలి తినాలి గనుక తొందరపడి తినడానికి వీలుండదు. దోరగా ఉన్నప్పుడే తింటే మరీ మంచిది. బస్టాండులో కోసి ఉప్పు కారం చల్లి ఇచ్చే జామకాయకు మా ఓటు ఉంది, రక్తపోటు ఉన్నవారు ఉప్పు వద్దనాలి, అంతే. బొప్పాయి 100 గ్రాములకు 11 గ్రాములే కాబట్టి ఒక చిన్న గిన్నెడు ముక్కలు తినవచ్చు. ఏడాది పొడవునా దొరుకుతుంది, ధర కూడా మరీ భారం కాదు.

పుచ్చకాయ విషయంలో చదువుకున్నవారే ఎక్కువ తికమక పడుతున్నారు. ఆహారం ఎంత త్వరగా చక్కెరను పెంచుతుందో చెప్పే గ్లైసీమిక్ సూచిలో పుచ్చకాయ అంకె 70 దాటుతుంది, మామిడిది 50ల్లోనే ఉంటుంది. అది చూసి పుచ్చకాయ మానేసి మామిడి తినడం మొదలుపెట్టినవారున్నారు. కానీ పుచ్చకాయలో 100 గ్రాములకు పిండి పదార్థం ఏడెనిమిది గ్రాములే, మిగతాది దాదాపు నీరే. వేగం ఒక్కటే చూస్తే చాలదు, పరిమాణం కూడా చూడాలి. అన్నట్టు మనం రోజూ తినే సోనా మసూరి అన్నానికి చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వారు కొలిచిన సూచి 72. మామిడి కంటే వేగమూ ఎక్కువే, పిండి పదార్థమూ ఎక్కువే. అయినా అన్నాన్ని ఎవరూ అటక మీద దాచరు.

అరటిపండులో 100 గ్రాములకు 23 గ్రాములు. లంకల్లో పండి మనకు వచ్చే చక్కెరకేళి, కర్పూర అరటి చిన్నవైతే ఒకటి, పెద్ద పండైతే సగం. తొక్క మీద నల్ల మచ్చలు పడి మెత్తబడిన పండు కంటే కాస్త గట్టిగా ఉన్న పండు నయం, ఎందుకంటే పండేకొద్దీ అందులోని పిండి చక్కెరగా మారుతుంది. సపోటా, సీతాఫలం, పనస తొనలు ఈ మూడూ 100 గ్రాములకు 20 నుంచి 24 గ్రాముల మధ్య ఉంటాయి. వీటికి సరిహద్దు ఇరుకు. అక్టోబరులో సీతాఫలాలు బుట్టలతో దిగినప్పుడు చిన్న పండు ఒకదానితో ఆగాలి. నేరేడు పండు మధుమేహానికి మందన్న నమ్మకం మన పెద్దల్లో గట్టిగా ఉంది. తినండి, మంచి పండే. దాని గింజల పొడి మీద భరోసా పెట్టుకుని మాత్రలు మానేసినవారి కథలు మాత్రం మంచిగా ముగియలేదు. తాటి ముంజలు ఎండాకాలపు కానుక. లేతవి తింటే అధిక భాగం నీరే గనుక రెండు మూడు తిన్నా దిగులు లేదు.

ఇప్పుడు అసలు కీలకానికి వద్దాము. పండు ఎంత తిన్నారన్నది ఎంత ముఖ్యమో, దేనికి బదులుగా తిన్నారన్నది అంతకంటే ముఖ్యం. మన అలవాటు ఏమిటి? కడుపు నిండా అన్నం తిని, చివరి పెరుగన్నంలోకి మామిడిపండు నంజుకోవడం. పెరుగన్నం, మామిడిపండు కలయిక ఎంత రుచో మాకు ఎవరూ చెప్పనక్కరలేదు. కానీ 90 గ్రాములు అప్పటికే కడుపులో చేరాక వచ్చే 18 గ్రాములు గడ్డివాము మీద పడిన నిప్పురవ్వ. తెల్లారి పరీక్ష చేయించుకుంటే నింద మామిడి మీదికి పోతుంది. అదే మామిడి చెంప తినాలనుకున్న పూట, ముందుగానే అన్నం హస్తంతో ఒకసారి తీసినంత, అంటే దాదాపు 70 గ్రాముల అన్నం తగ్గించి చూడండి. రెండూ ఇంచుమించు సమానం. పళ్లెంలోకి పండు రావాలంటే అన్నం జరిగి చోటివ్వాలి.

చాలామంది అన్నం తగ్గించమంటే ఆకలితో ఉండమన్నట్టు బాధపడతారు. ఖాళీ అయిన చోటును దొండకాయ, బీరకాయ, గోంగూర, పప్పు, గుడ్డు, చేప ఏదో ఒకటి నింపాలి. మా ఇంట్లో కూర గిన్నె పెద్దదై అన్నం గిన్నె చిన్నదయ్యింది. మొదటి పది రోజులు ఖాలా మాత్రమే కాదు, మేము కూడా సణిగాము. ఒక్కరికే వేరే పళ్లెం పెట్టడం మాకు సమ్మతం కాలేదు గనుక అందరమూ తగ్గించాము. ఒంటరిగా పథ్యం చేయడం ఒంటరిగా నిలబడి మామిడి తినడానికి దారి తీస్తుందని మాకు అప్పటికే అర్థమైంది.

పండును భోజనానికి దూరంగా, ఉదయం పదకొండు గంటలకో, అసర్ తర్వాతో విడిగా తినడం మరొక మంచి మార్గం. అప్పుడు రెండు బరువులు ఒకేసారి మీద పడవు. గుప్పెడు వేరుశనగ పప్పు, నాలుగు బాదం గింజలు, లేదా కాస్త చక్కెర లేని పెరుగు తోడుంటే చక్కెర పెరుగుదల నిదానిస్తుంది. ఎవరి శరీరం ఎలా స్పందిస్తుందో చెప్పేది వారి గ్లూకోమీటరే. పండు తిన్న రెండు గంటలకు చూసుకుని తేదీ, పండు, ఎంత తిన్నారు, అంకె ఎంత అని వ్రాసిపెట్టుకుంటే పదిహేను రోజుల్లో మీ ఇంటి పట్టిక తయారవుతుంది. మా మాట కంటే ఆ పట్టిక నమ్మదగినది.

రసం తీసి తాగడం గురించి కచ్చితంగానే చెబుతాము. పండును పండుగా తినండి. గ్లాసు బత్తాయి రసానికి మూడు నాలుగు కాయలు పోతాయి. అన్ని కాయలు ఒలుచుకుని తినమంటే ఎవరూ తినలేరు, తాగమంటే అర నిమిషం. పీచు జల్లెడలోనే మిగిలిపోతుంది. 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనం లక్షా ఎనభై వేల మందికి పైగా అమెరికా ఆరోగ్య సిబ్బందిని ఏళ్ల తరబడి అనుసరించింది. పండ్లు తిన్నవారిలో, ముఖ్యంగా ద్రాక్ష, ఆపిల్ వంటివి తిన్నవారిలో మధుమేహం తక్కువగానూ, పండ్ల రసం ఎక్కువగా తాగినవారిలో ఎక్కువగానూ వచ్చింది. ఇక చక్కెర కలిపిన మామిడి జ్యూసు, ఆమ్‌రస్, చెరుకు రసం, పొరలు పొరలుగా ఎండబెట్టిన మామిడి తాండ్ర ఇవి పండ్ల జాబితాలోవి కావు, మిఠాయిల జాబితాలోవి. రసం పనికొచ్చే సందర్భం ఒక్కటుంది. ఇన్సులిన్, కొన్ని మాత్రలు వాడేవారికి చక్కెర హఠాత్తుగా పడిపోయి చెమటలు, వణుకు వచ్చినప్పుడు అర గ్లాసు పండ్ల రసమో, మూడు చెంచాల చక్కెర నీళ్లో ప్రాణం నిలుపుతుంది.

పండ్లు మానేయడం వల్ల మేలు జరుగుతుందా అన్న ప్రశ్నకు చైనాలో ఐదు లక్షల మందిపై జరిగి 2017లో వెలువడిన అధ్యయనం కొంత సమాధానమిచ్చింది. మధుమేహం ఉన్నట్టు తెలిసినవారు పండ్లకు దూరం కావడం అక్కడ కూడా ఉన్నదే. అయితే తాజా పండ్లు రోజూ తినేవారికి మధుమేహం వచ్చే ముప్పు 12 శాతం తక్కువగా ఉంది. అప్పటికే మధుమేహం ఉన్నవారిలో పండ్లు తరచుగా తినేవారికి రక్తనాళాల సమస్యలు కూడా తక్కువగా కనిపించాయి. పండు తినేవారు ఇతర విషయాల్లోనూ జాగ్రత్తపరులు కావచ్చు గనుక ఘనతంతా పండుకే కట్టబెట్టలేము. కానీ భయపడి పూర్తిగా మానేయవలసిన అవసరం లేదని మాత్రం ధైర్యంగా చెప్పవచ్చు.

రమజాన్ సంగతి ప్రస్తావించకపోతే మన ఇళ్ల ముచ్చట పూర్తి కాదు. 2018, 2019 సంవత్సరాల్లో ఉపవాసాలు నిండు వేసవిలో, మామిడి కాలంలోనే వచ్చాయి. చాంద్రమానం వల్ల ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ ఇప్పుడు ఫిబ్రవరి, మార్చిలకు చేరాయి. బండి మీద మామిడికి బదులు పుచ్చకాయ, బొప్పాయి, ద్రాక్ష కనిపిస్తాయి. కాలం మారినా ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మాత్రం మారలేదు. ఖర్జూరం, చక్కెర చల్లిన ఫ్రూట్ చాట్, షర్బత్, సమోసా, పకోడీ, ఆ తర్వాత హలీం, బిర్యానీ. దైవప్రవక్త (స) తాజా ఖర్జూరాలతో, అవి లేకుంటే ఎండు ఖర్జూరాలతో, అవీ లేకుంటే గుక్కెడు నీళ్లతో ఉపవాసం విరమించేవారని హదీసు గ్రంథాల్లో ఉంది. ఆ సున్నత్‌ను పాటించడానికి మధుమేహం ఆటంకం కానే కాదు. మామూలు చిన్న ఖర్జూరం ఒకదానిలో 5, 6 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది, ఒకటి తినవచ్చు. బజారులో ఖరీదుగా అమ్మే పెద్ద మెడ్జూల్ రకమైతే ఒక్కదానిలోనే 18 గ్రాములుంటాయి గనుక సగంతో సరిపెట్టుకోవాలి. ప్రవక్త (స) తాజా ఖర్జూరాన్ని దోసకాయతో కలిపి తినడం చూశామన్న ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉంది. మా దస్తర్‌ఖాన్ మీద ఖర్జూరం పక్కన కీరా దోస ముక్కలు పెట్టడం అలా మొదలైంది.

సర్దుకోవలసినది షర్బత్ దగ్గర. నాలుగు చెంచాల చక్కెర కలిపిన గ్లాసులో 16 నుంచి 20 గ్రాములు ఉంటాయి, అవి ఏ పీచూ లేకుండా నేరుగా రక్తంలోకి పరుగెడతాయి. నిమ్మకాయ పిండిన చల్లని నీళ్లలో నానిన సబ్జా గింజలు వేసుకుంటే దప్పిక తీరుతుంది. ఫ్రూట్ చాట్‌లో చక్కెర మానేసి మిరియాల పొడి చల్లితే, ఒక గిన్నెడు తిన్నా ఒక వాటాతో సరిపోతుంది. ఉపవాస సమయంలో చక్కెర 70కి తగ్గినా, 300 దాటినా ఉపవాసం విరమించాలని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య, డయాబెటిస్ అండ్ రమదాన్ కూటమి కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. వేలి చివర చుక్క రక్తం తీసి చూసుకోవడం ఉపవాసాన్ని భంగపరచదని ఉలమాలు చెప్పనే చెప్పారు. వ్యాధిగ్రస్తులకు సడలింపు ఇచ్చినది స్వయంగా దివ్య ఖుర్ఆన్ కాగా, దాన్ని వినియోగించుకోవడానికి సిగ్గుపడే పెద్దలను చూస్తే బాధ కలుగుతుంది.

మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి ఇంతవరకు చెప్పిన లెక్క వర్తించదు. అరటి, కొబ్బరి నీళ్లు, ఖర్జూరం వంటి వాటిలోని పొటాషియం వారికి ప్రమాదకరం కావచ్చు గనుక వైద్యుడి అనుమతి లేకుండా ముట్టరాదు. గర్భిణులకు వచ్చే మధుమేహంలోనూ అంతే, వారి అంకెలు వేరు. ఇన్సులిన్ తీసుకునేవారు అన్నం తగ్గించిన రోజున మోతాదు మార్చాలా వద్దా అన్నది తమంత తాముగా నిర్ణయించుకోకూడదు.

బంధువుల సంగతి ఇంకొకటి. వేసవిలో ఎవరింటికి వెళ్లినా పళ్లెం నిండా ముక్కలు కోసి ముందు పెడతారు. వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. "ఒక్క రోజుకు ఏం కాదులే అప్పా" అన్న మాట ఎన్ని ఒక్క రోజుల పాటు విన్నామో! మేము కనుగొన్న ఉపాయం ఏమిటంటే, రెండు ముక్కలు ముందే తీసుకుని మిగిలిన పళ్లెం పిల్లల వైపు జరపడం. పెట్టినవారికి తృప్తి, తిన్నవారికి క్షేమం. పెట్టేవారు కూడా, ఇంటికి వచ్చిన పెద్దలకు మధుమేహం ఉందని తెలిస్తే, అడగకుండానే చిన్న గిన్నెలో ఇస్తే వారి గౌరవం నిలుస్తుంది.

మా ఖాలా ఇప్పుడు అటక వైపు చూడడం లేదు. బుట్ట ఆమె మంచం పక్కనే ఉంటోంది, తొడిమ వాసన చూసి ఏ పండు నేడు కోయాలో చెప్పేది ఆమే. ఉదయం పదకొండు గంటలకు ఒక చెంప, మధ్యాహ్నం పళ్లెంలో రెండు హస్తాల లోపు అన్నం. మాత్రల మోతాదు వైద్యుడు చెప్పినదే. మొన్నటి పరీక్షలో మూడు నెలల సగటు మునుపటి కంటే తగ్గింది, మరీ గొప్పగా కాదు గానీ తగ్గింది. అటకెక్కిన మనవడికి ఇప్పుడు పదేళ్లు. మీటరులో అంకె చూసి పుస్తకంలో వ్రాసే బాధ్యత వాడిది. వ్రాసినందుకు కూలీగా టెంక తనకే కావాలంటాడు. టెంకకు తూకం లేదు కాబట్టి అది తన వాటాలోదేనని ఆమె అంటారు. ఈ వేసవిలో కూడా ఆ తగాదా తేలేలా లేదు.